మాట మందయ్యేది ఎప్పుడు?

సైకోథెరపీ గురించి మన ఇళ్లలో రెండు అభిప్రాయాలు వినిపిస్తుంటాయి. మాటలతో రోగం పోతుందా, డబ్బు దండగ కాకపోతే అనేది ఒకటి. మనసులో ఉన్నది ఎవరో ఒకరికి చెప్పేసుకుంటే బరువు దిగిపోతుంది, అంతకు మించిన వైద్యం లేదనేది రెండోది. పైకి ఇవి ఒకదానికొకటి ఎదురు నిలబడ్డట్టే ఉంటాయి గానీ, రెండింటి అడుగున ఉన్న నమ్మకం ఒక్కటే: థెరపీ అంటే గోడు వెళ్లబోసుకోవడం. మొదటివాళ్లు దాంతో ఒరిగేదేమీ లేదంటారు. రెండోవాళ్లు దాంతోనే అంతా అయిపోతుందంటారు. డెబ్బై ఏళ్లుగా పోగుపడిన పరిశోధనలను ఒకచోట పెట్టి చూస్తే ఇద్దరి లెక్కా తప్పినట్టు కనిపిస్తుంది. కుంగుబాటు, ఆందోళన, ఘోరాన్ని అనుభవించినవాళ్లను వదలకుండా వెంటాడే జ్ఞాపకాలు... ఈ మూడింటికీ మాటల వైద్యం పనిచేస్తుంది. ఓ మోస్తరుగానే, అయినా నిజంగానే పనిచేస్తుంది. అందులో ఎక్కువ పని చేసేది గోడు చెప్పుకునే భాగం మాత్రం కాదు, భయంతోనో నిస్పృహతోనో మనిషి మానేసినవాటిని పద్ధతిగా మళ్లీ చేయించే భాగం అని నా వాదన. ఈ తేడా ఒప్పుకుంటే థెరపీ ఎక్కడ ఫలిస్తుందో, ఎక్కడ వికటిస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో చాలావరకు దానంతటదే అర్థమవుతుంది.

ఈ వ్యవహారాన్ని లెక్కల్లోకి ఈడ్చినవాడు హాన్స్ ఐసెంక్. లండన్ మోడ్‌స్లీ ఆస్పత్రిలో పనిచేసిన ఈ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1952లో ఆరు పేజీల వ్యాసం ఒకటి అచ్చువేశాడు. అప్పటికి దొరికిన అధ్యయనాల్లోంచి ఏడువేల పైచిలుకు రోగుల వివరాలు ముందేసుకుని, ఆందోళన, దిగులు లాంటి బాధలున్నవాళ్లలో సుమారు మూడింట రెండొంతుల మంది థెరపీ తీసుకున్నా తీసుకోకపోయినా రెండేళ్లలో కోలుకుంటున్నారని తేల్చాడు. ఆయన లెక్కలో లొసుగులున్నాయి. పోల్చిన గుంపులు ఒకలాంటివి కావు, కోలుకోవడమంటే ఏమిటన్నదానికి ఒక్కోచోట ఒక్కో కొలత. పైగా ఐసెంక్ తగవు దొరికితే వదిలే మనిషి కాదు. అయినా ప్రశ్న సరైనదే. కాలం గడిస్తే దానంతటదే తగ్గే బాధను థెరపిస్టు తన ఖాతాలో వేసుకుంటున్నాడా? దీనికి జవాబు కావాలంటే ఒకే రకం రోగులను లాటరీ తీసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకే థెరపీ ఇచ్చి చూడాలి. తర్వాతి పాతికేళ్లలో థెరపీ పొందినవాళ్లను పొందనివాళ్లతో పోల్చిన అధ్యయనాలు వందల్లో వచ్చాయి. 1977లో మేరీ లీ స్మిత్, జీన్ గ్లాస్ అలాంటివి 375 కలిపి లెక్కగట్టారు. థెరపీ తీసుకున్న సగటు మనిషి, తీసుకోనివాళ్లలో నూటికి 75 మంది కంటే మెరుగ్గా ఉన్నాడని తేలింది. ఇవాళ వైద్యశాస్త్రమంతా వాడుకుంటున్న మెటా ఎనాలిసిస్ పద్ధతికి ఆ పేరు పెట్టింది ఈ గ్లాసే. మాటల వైద్యం మీద నడిచిన తగవు మందుల వైద్యానికి కూడా ఒక పనిముట్టు ఇచ్చి పోయిందన్నమాట.

అయితే ఆ 75ను చూసి పొంగిపోవడానికి లేదు. మంచి ఫలితం వచ్చిన ప్రయోగం పత్రికలకెక్కుతుంది, రానిది బీరువాలో ఉండిపోతుంది. మందుల కంపెనీల విషయంలో ఈ గుట్టు రట్టయినప్పుడు థెరపీ వర్గం కాస్త నవ్వుకుంది. 2015లో ఎలెన్ డ్రీసెన్ బృందం అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన నిధులతో జరిగిన కుంగుబాటు థెరపీ ప్రయోగాలను వెతికి చూస్తే, వాటిలోనూ దాదాపు నాలుగోవంతు అచ్చు కాలేదని బయటపడింది. వాటిని కూడా కలిపి లెక్కవేస్తే ఫలితం నాలుగోవంతు తరిగిపోయింది. ఇంకో చిక్కు, పోలిక ఎవరితో అన్నది. వెయిటింగ్ లిస్టులో కూర్చోబెట్టినవాళ్లతో పోలిస్తే ఏ వైద్యమైనా గొప్పగానే కనిపిస్తుంది, ఎందుకంటే తమ వంతు వచ్చేదాకా ఆ మనిషి సొంతంగా చేసుకునే ప్రయత్నం కూడా మానేయవచ్చు. ఈ తరుగులన్నీ ఓపిగ్గా లెక్కగట్టినవాడు డచ్ పరిశోధకుడు పిమ్ కైపర్స్. ఆయన బృందం 2021లో తేల్చిన ప్రకారం, కుంగుబాటుకు థెరపీ మొదలుపెట్టిన రెండు నెలల ప్రాంతంలో లక్షణాలు సగానికి సగం తగ్గినవాళ్లు నూటికి 41 మంది. మామూలు వైద్యంతో సరిపెట్టినవాళ్లలో 17 మంది. అంటే ఐసెంక్ సందేహానికి జవాబు దొరికింది, థెరపీ గొప్పలకు కళ్లెమూ పడింది. నూటికి 59 మందికి ఆ గడువులో ఆ మేరకు తగ్గలేదన్న సంగతి థెరపిస్టుల బోర్డుల మీద కనబడదు.

పనిచేసేది ఏ భాగమో తెలుసుకోవడానికి పానిక్ ఎటాక్‌ను దగ్గర నుంచి చూడటం మంచిది, ఎందుకంటే ఇక్కడ మర తిరిగే తీరు కంటికి కనిపిస్తుంది. సిటీ బస్సులోనో సినిమా హాల్లోనో ఉన్నట్టుండి గుండె దడదడలాడుతుంది, చెమటలు పడతాయి, ఊపిరి అందదు, ఇక ప్రాణం పోతుందనిపిస్తుంది. ఎమర్జెన్సీకి పరుగెడతారు. ఈసీజీ నార్మల్, ఎకో నార్మల్, గ్యాస్ అయ్యుంటుందంటారు. ఇంటికొచ్చాక ఆ మనిషి ఆ బస్సు ఎక్కడు. తర్వాత ఏ బస్సూ ఎక్కడు. సంచిలో నీళ్ల సీసా, మాత్రల షీటు, పక్కన తోడు లేనిదే గడప దాటడు. బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు డేవిడ్ క్లార్క్ 1986లో దీని వెనక ఉన్న విషవలయాన్ని విప్పి చెప్పాడు: గుండె కాస్త వేగం కాగానే 'ఇది గుండెపోటు' అన్న తలపు వస్తుంది, ఆ తలపుకు భయం పుడుతుంది, భయానికి గుండె ఇంకా వేగమవుతుంది. ప్రతిసారీ తప్పించుకుని బయటపడటం వల్ల, ఆగి ఉంటే ఏమీ అయ్యేది కాదన్న సంగతి అతనికి తెలిసే అవకాశమే రాదు. అందుకే ఈ పద్ధతిలో పనిచేసే థెరపిస్టు ధైర్యం చెప్పి పంపించడు. తన గదిలోనే నిమిషం పాటు గబగబా ఊపిరి తీయిస్తాడు, మెట్లు ఎక్కించి దింపిస్తాడు, కుర్చీలో కూర్చోబెట్టి గిరగిరా తిప్పుతాడు. అదే దడ, అదే తల తిరుగుడు వస్తాయి. కాసేపటికి వాటంతటవే తగ్గుతాయి. ఆ తర్వాత నీళ్ల సీసా లేకుండా, తోడు లేకుండా బస్సెక్కడం. పాత భయం చెరిగిపోదనీ, దాని పక్కన కొత్త అనుభవం ఒకటి చేరి దాన్ని అణచి ఉంచుతుందనీ మిషెల్ క్రాస్క్ లాంటి పరిశోధకులు అంటారు. ఒక్క బస్సుతో ఆపకుండా లిఫ్టు, థియేటర్, పెళ్లిపందిరి అన్నీ తిరిగి రమ్మనేది అందుకే. కొత్తగా నేర్చుకున్నది ఒక్క చోటికే అతుక్కుపోతే, చోటు మారగానే భయం మళ్లీ తలెత్తుతుంది.

కుంగుబాటులో ఈ వలయం ఇంత పదునుగా కనబడదు, నెమ్మదిగా బిగుసుకుంటుంది. మనసు బాగాలేక పనులు మానేస్తారు. పనులు మానేశాక మనసు బాగవ్వడానికి మిగిలిన కారణాలూ పోతాయి. 1960ల్లో ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ ఈ జబ్బుకు తలపుల వైపు నుంచి దారి తీశాడు: నేను పనికిరానివాణ్ణి, లోకం ఇంతే, రేపు కూడా ఇంతే అన్న తీర్పులను సాక్ష్యాలతో పరీక్షించడం. సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అని ఇవాళ అందరూ అనేది చాలావరకు అక్కడి నుంచి వచ్చిందే. ఆ తర్వాత ఒక ఆసక్తికరమైన పని చేసినవాడు నీల్ జేకబ్‌సన్. బెక్ వైద్యాన్ని ముక్కలుగా విడదీసి, ఒక గుంపుకు మొత్తం ఇచ్చాడు, ఇంకో గుంపుకు మానేసిన పనుల్ని మళ్లీ మొదలుపెట్టించే భాగం ఒక్కటే ఇచ్చాడు. 1996లో వచ్చిన ఫలితం ప్రకారం రెండు గుంపులకూ తేడా లేదు. తలపులతో వాదించకపోయినా, వారం వారం చిన్న చిన్న పనుల పట్టిక వేసుకుని మనసు ఒప్పుకోకపోయినా చేసుకుంటూ పోతే తలపులు వాటంతటవే కొంత మారాయి. 2016లో ఇంగ్లండ్‌లో 440 మంది మీద జరిగిన పెద్ద ప్రయోగం దీన్ని ఇంకో మెట్టు ఎక్కించింది. పెద్ద శిక్షణేమీ లేని జూనియర్ ఉద్యోగులు చేయించిన ఈ పనుల వైద్యం, అనుభవజ్ఞులైన థెరపిస్టులు చేసిన సీబీటీకి తీసిపోలేదు, ఖర్చు మాత్రం తగ్గింది. పొద్దున్నే లేచి వాకిట్లో ముగ్గు వేయడం, ఆరు నెలలుగా మాట్లాడని చెల్లెలికి ఫోన్ చేయడం, సందు చివర కొట్టు దాకా నడిచి రావడం... పట్టికలో ఉండేవి ఇలాంటివే. ఇదేం వైద్యం అనిపించవచ్చు. కుంగుబాటులో ఉన్న మనిషికి ఆ కొట్టు దాకా నడక ఎంత ఎత్తు కొండో తెలిసినవాళ్లకు అలా అనిపించదు.

ట్రామా, అంటే ఘోర అనుభవం మనసులో మిగిల్చే గాయం, దగ్గరికి వచ్చేసరికి నా వాదనకు గట్టి పరీక్ష ఎదురవుతుంది, ఎందుకంటే జరిగినది చెప్పించడం ఇక్కడి వైద్యంలో నిజంగానే పెద్ద భాగం. వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికుల పోరు, అత్యాచార బాధితుల పక్షాన నిలిచిన మహిళా ఉద్యమాల ఒత్తిడి కలిసి 1980లో అమెరికా మానసిక వైద్యుల జాబితాలోకి పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్) అన్న పేరు ఎక్కించాయి. దీనికి ఎడ్నా ఫోవా రూపొందించిన వైద్యంలో బాధితురాలు కళ్లు మూసుకుని, ఆ సంఘటన ఇప్పుడే జరుగుతున్నట్టు మొదటి నుంచి చివరిదాకా చెబుతుంది. ఒకసారి కాదు, పదే పదే. ఆ రికార్డింగును ఇంటికి తీసుకెళ్లి రోజూ వింటుంది. మొదట్లో గొంతు పెగలదు. పోను పోను అది జరిగిపోయిన సంగతిగా, మొదలూ తుదీ ఉన్న కథగా మారుతుంది. ప్యాట్రీషియా రెసిక్ పద్ధతి వేరు. అది సుమారు పన్నెండు విడతల్లో, 'ఆ వేళప్పుడు ఆ దారిన వెళ్లకపోయి ఉంటే', 'నేను అరవకపోవడం వల్లే' అన్న చోట చిక్కుపడిన మనసును ఒక్కో ముడీ విప్పిస్తుంది. ఫ్రాన్సీన్ షపీరో కనిపెట్టిన ఈఎండీఆర్‌లో జ్ఞాపకాన్ని తలుచుకుంటూ థెరపిస్టు వేలి వెంట కళ్లు అటూ ఇటూ కదపాలి. ఆ కదలికల వల్ల ప్రత్యేకించి ఒరిగేది ఉందా లేదా అన్న గొడవ ఇంకా తెగలేదు గానీ, మొత్తంగా వైద్యం మాత్రం ఫలితమిస్తుంది. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లలో పీటీఎస్‌డీకి ట్రామా మీద పనిచేసే సీబీటీని, ఈఎండీఆర్‌నూ సూచించింది. ఘోరం జరిగిన మొదటి నెలలో నిద్ర పట్టడానికని బెంజోడయాజిపైన్ మాత్రలు రాయవద్దని కూడా ఆ పత్రంలోనే ఉంది. మన దగ్గర ఎక్కువగా జరిగేది సరిగ్గా అదే.

మరి ఇదంతా చెప్పుకోవడమే కదా అనవచ్చు. కాదనడానికి రుజువు డీబ్రీఫింగ్ కథలో ఉంది. 1980ల్లో జెఫ్రీ మిచెల్ అనే అమెరికన్, అగ్నిమాపక, అంబులెన్స్ సిబ్బంది కోసం ఒక పద్ధతి ప్రవేశపెట్టాడు. ప్రమాదం జరిగిన కొద్ది రోజుల్లోనే అందర్నీ కూర్చోబెట్టి, చూసింది, అనిపించింది అంతా ఒకే విడతలో చెప్పించేయాలి. ఆలోచన ఎంత సహజంగా ఉందంటే, ప్రపంచమంతా రుజువు కోసం ఆగకుండానే దాన్ని తలకెత్తుకుంది. తీరా ప్రయోగాలు చేసి చూస్తే లాభం కనబడలేదు. కాలిన గాయాలతో చేరినవాళ్ల మీద బ్రిటన్‌లో జరిగి 1997లో వెలువడిన ప్రయోగంలోనైతే పదమూడు నెలల తర్వాత డీబ్రీఫింగ్ పొందినవాళ్లలో నూటికి 26 మందికి పీటీఎస్‌డీ ఉంది, పొందనివాళ్లలో 9 మందికే ఉంది. ఆ ఒక్క ప్రయోగంలో గుంపుల మధ్య మొదటే కొంత తేడా ఉందన్న అభ్యంతరం ఉంది, నిజమే. కానీ మిగతావన్నీ కలిపి చూసిన, వైద్య రుజువులను తూచే కాక్రేన్ సంస్థ సమీక్ష కూడా దాన్ని మానుకోమనే చెప్పింది. ఫోవా గదిలో జరిగేదానికీ దీనికీ తేడా ఎక్కడుంది? ఒక్కసారి గాయం కెలికి, ఆ వేడి తగ్గకముందే ఇంటికి పంపితే 'తలుచుకుంటే తట్టుకోలేను' అన్న పాఠమే గట్టిపడుతుంది. పదే పదే, భయం దిగేదాకా ఆగి, పనిగట్టుకుని చేస్తే 'తలుచుకున్నా తట్టుకోగలను' అన్న పాఠం వస్తుంది. రెండు చోట్లా నోట వచ్చే మాటలు అవే, మనసు నేర్చుకునేది మాత్రం వేరు. పైగా ఘోరం చూసినవాళ్లలో ఎక్కువమంది అయినవాళ్ల అండతో, కాలంతో వాళ్లంతట వాళ్లే తేరుకుంటారు. ఆ సంగతిలో ఐసెంక్ మాట కొంత నిలుస్తుంది. రైలు ప్రమాదమో గ్యాస్ లీకో జరగగానే మైకులు పట్టుకుని 'ఎలా అనిపించిందమ్మా' అని అడిగే టీవీవాళ్ల సంగతి ఇక వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ థెరపీ లోకంలోనే ఉన్న ప్రత్యర్థులు ఒక పాత అభ్యంతరం లేవదీస్తారు. 1936లోనే సాల్ రోజెన్‌జ్వైగ్ అన్నాడు, ఏ పద్ధతి అయినా ఫలితం దాదాపు ఒకటేనని. బ్రూస్ వాంపోల్డ్ లాంటివాళ్లు ఈనాటికీ ఆ మాట మీదే ఉన్నారు: పనిచేసేది పద్ధతి కాదు, థెరపిస్టుకూ రోగికీ మధ్య కుదిరే నమ్మకం. ఆ నమ్మకం బాగా కుదిరిన చోట ఫలితమూ బాగుంటుందన్నది వందల అధ్యయనాల్లో కనబడిన సంగతే, కొట్టిపారేయలేం. నాకు తోచిన జవాబు ఇది. ఆ వలయం తెగాలంటే రోగి తాను ఎక్కువ భయపడేదాన్నే చేయాలి. నమ్మని మనిషి చెబితే ఎవరు చేస్తారు? కాబట్టి నమ్మకం లేకుండా పద్ధతి గడప దాటదు. కానీ నమ్మకం ఒక్కటే చాలదనడానికి డీబ్రీఫింగే సాక్ష్యం, అక్కడివాళ్లూ దయగల మనుషులే. 1990ల్లో అమెరికాలో 'మరచిపోయిన' బాల్య జ్ఞాపకాలను తవ్వి తీస్తామన్న థెరపిస్టులదీ ఇదే కథ. జరగని అత్యాచారాలు జరిగినట్టు రోగులు నమ్మారు, కుటుంబాలు కోర్టుకెక్కాయి, జ్ఞాపకం ఎంత సులువుగా వంగుతుందో ఎలిజబెత్ లాఫ్టస్ ప్రయోగాలతో చూపించాల్సి వచ్చింది. ఆ గదుల్లో నమ్మకానికి కొదవ లేదు. నమ్మకం ఎంత ఎక్కువైతే అక్కడ హాని అంత ఎక్కువైంది.

మందులా, మాటలా అన్న తగవు మీద ఎక్కువ సిరా ఖర్చు చేయనక్కర్లేదు. బైపోలార్, స్కిజోఫ్రీనియా లాంటివాటికి, తిండీ నీళ్లూ మానేసేంత తీవ్రమైన కుంగుబాటుకు మందు లేకుండా థెరపీతో నెట్టుకొస్తామనడం ప్రమాదం. మధ్యస్థంగా ఉన్న కుంగుబాటులో రెండూ ఇంచుమించు సమానం, కలిపి ఇస్తే ఇంకా మేలు. తేడా కనిపించేది ఆపేశాక. 2005లో స్టీవెన్ హోలన్ బృందం కోలుకున్నవాళ్లను ఏడాది పాటు గమనించింది. మందు ఆపేసినవాళ్లలో నూటికి 76 మంది మళ్లీ కుంగిపోయారు, థెరపీ ముగించినవాళ్లలో 31 మందే. మందు కొనసాగించినవాళ్లలోనూ 47 మందికి తిరగబెట్టింది. గుంపులు చిన్నవి, అంకెలను తు.చ. తప్పకుండా పట్టుకు కూర్చోనక్కర్లేదు. దిశ మాత్రం నా వాదనకు సరిపోతుంది. మందు ఒంట్లో ఉన్నంతకాలం పనిచేస్తుంది, నేర్చుకున్నది కొంతకాలమైనా వెంట ఉంటుంది.

వైద్యంలో అసలు సరుకు నేర్పడమే అయితే, నేర్పేవాడికి పెద్ద డిగ్రీ ఉండి తీరాలా? దీనికి మన దేశంలోనే జవాబు దొరికింది, గోవాలో. విక్రమ్ పటేల్, ఆయన సహచరులు సంగాత్ సంస్థ ద్వారా పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో నడిపిన ప్రయోగం అది. కుంగుబాటు బాగా ముదిరిన దాదాపు అయిదువందల మందిని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేశారు. అందరి వివరమూ డాక్టరుకు తెలియజేశారు. ఒక గుంపుకు అదనంగా ఆరు నుంచి ఎనిమిది విడతల థెరపీ ఇచ్చారు, విడతకు అరగంట నుంచి నలభై నిమిషాలు. ఇచ్చినవాళ్లు మానసిక వైద్యులు కారు, సైకాలజీ చదివినవాళ్లూ కారు. అంతకుముందు ఈ రంగం తెలియని, శిక్షణ పొందిన స్థానికులు. చేయించింది జేకబ్‌సన్ విడదీసి చూపిన ఆ పనుల వైద్యమే, దానికి తోడు ఇంట్లో తగవుల్లాంటి సమస్యలకు ఒక్కోటిగా దారి వెతకడం. మూడు నెలలకు థెరపీ గుంపులో నూటికి 64 మంది కుంగుబాటు నుంచి బయటపడ్డారు, రెండో గుంపులో 39 మంది. ఏడాదికి ఆ తేడా కొంత తగ్గినా నిలిచే ఉంది. దీనికంటే ముందే పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెల్లో అతీఫ్ రెహ్మాన్ కాన్పుకు ముందూ తర్వాతా కుంగిపోయిన తల్లుల దగ్గరికి లేడీ హెల్త్ వర్కర్లను పంపాడు. 2008లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం ఆరు నెలల తర్వాత కుంగుబాటు మిగిలినవాళ్లు థెరపీ అందిన గుంపులో నూటికి 23 మంది, మామూలుగా చూసి వచ్చిన గుంపులో 53 మంది. రెండో గుంపు ఇళ్లకూ ఆరోగ్య కార్యకర్త అన్నిసార్లే వెళ్లిందన్నది గమనించాలి. పలకరింపు రెండు వైపులా ఉంది, పద్ధతి ఒక్క వైపే ఉంది.

ఇది పడమటి దేశాల సరుకు, మనకు అతకదు అనేవాళ్లకు కూడా పై రెండు ప్రయోగాల్లో సగం జవాబు ఉంది. మిగతా సగం చరిత్రలో ఉంది. గిరీంద్రశేఖర్ బోస్ కలకత్తాలో మనోవిశ్లేషణ సంఘం పెట్టింది 1922లో. ఫ్రాయిడ్‌తో ఉత్తరాలు నడుపుతూ, ఒప్పుకోని చోట ఒప్పుకోనని రాశాడు. 1970ల మొదట్లో జె.ఎస్. నేకి అనే మానసిక వైద్యుడు, మన రోగి డాక్టరును సమానుడిగా కాక గురువుగా చూస్తాడనీ, ఆ బంధాన్ని వాడుకునేలా థెరపీ మారాలనీ వాదించాడు. ఈ దిద్దుబాట్లు అవసరమైనవే. అత్తగారూ భర్తా గదిలోకి వచ్చి కూర్చునే దేశంలో వ్యక్తి ఒక్కడితోనే మాట్లాడి పంపే పద్ధతి నడవదు. కుంగుబాటు మన దగ్గర ఒళ్లు నొప్పులుగా, గుండె దడగా, నీరసంగా డాక్టరు ముందుకొస్తుంది, మొదటి విడత అక్కడి నుంచే మొదలవ్వాలి. ఉగాండా పల్లెల్లో థెరపీ మొదలుపెట్టే ముందు, అక్కడి జనం ఈ బాధను తమ మాటల్లో ఎలా చెప్పుకుంటారో పాల్ బోల్టన్ బృందం వాళ్లనే అడిగింది. ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేర్వేరు గుంపులు పెట్టి, స్థానికుల్లోంచే ఒకరిని నడపమంది. 2003లో వచ్చిన ఫలితాల ప్రకారం పదహారు వారాల తర్వాత థెరపీ గుంపుల్లో కుంగుబాటు మిగిలింది నూటికి ఏడుగురికి లోపే, మిగతా ఊళ్లలో 55 మందికి. భాషా, తీరూ మారాయి, వైద్యం మాత్రం పనిచేసింది. అభ్యంతరం వైద్యం వేషానికి తగులుతుంది, ప్రాణానికి కాదు.

అన్నింటికంటే బలమైన అభ్యంతరం వేరే ఉంది. అప్పులవాళ్లు గుమ్మంలో కూర్చుంటే, మొగుడు రోజూ తాగొచ్చి కొడుతుంటే, పండిన మిర్చికి ధర లేకపోతే, ఆ మనిషి దిగులును జబ్బు అని పేరుపెట్టి పనుల పట్టిక చేతిలో పెట్టడం వెక్కిరింత కాదా? ఈ ప్రశ్నను థెరపీవాళ్లు దాటవేయకూడదు. కెన్యా పల్లెల్లో యోహానెస్ హౌస్‌హోఫర్ బృందం వేల కుటుంబాలతో చేసిన ప్రయోగం దీనికి సూటిగా జవాబిచ్చింది. కొందరికి నగదు ఇచ్చారు, కొందరికి అయిదు వారాల థెరపీ. ఏడాది తర్వాత చూస్తే నగదు అందినవాళ్ల ఇళ్లూ మనసులూ కుదుటపడ్డాయి, థెరపీ వల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇండోనేషియాలో పేద కుటుంబాలకు ప్రభుత్వం నగదు బదిలీ చేసిన చోట ఆత్మహత్యలు తగ్గాయని ఇంకో అధ్యయనం చెప్పింది. కౌలు రైతు ఉరిపోసుకుంటే పల్లెకో కౌన్సెలర్‌ను పంపుతామని ప్రకటించి, అప్పు సంగతి ఎత్తని ప్రభుత్వాన్ని నిలదీయడానికి ఈ రెండూ చాలు. అయితే ఒక వివరం మరవకూడదు. కెన్యాలో థెరపీ ఇచ్చింది కుంగుబాటు ఉందో లేదో చూసి ఎంచినవాళ్లకు కాదు. జబ్బు లేనివాడికి మందిస్తే ఏం నయమవుతుంది? గోవాలో ఇచ్చింది నిజంగా కుంగిపోయినవాళ్లకు. చేతికి నగదు అందకుండానే జబ్బు తగ్గింది. కష్టం ఇంకా నడుస్తుండగానే వైద్యం పనిచేయగలదనడానికి ఇంతకంటే కఠినమైన ఉదాహరణ కాంగోలో ఉంది. లైంగిక హింసకు గురైన 405 మంది మహిళల మీద, సాయుధ ముఠాల భయం తొలగని ఊళ్లలోనే జరిగిన ప్రయోగం అది. రెసిక్ పద్ధతిని అక్షరం రానివాళ్లకు తగ్గట్టు మార్చి గుంపుల్లో ఇచ్చారు. ఆరు నెలల తర్వాత కుంగుబాటు, ఆందోళన మిగిలినవాళ్లు థెరపీ ఊళ్లలో నూటికి 9 మంది, విడివిడిగా అండగా నిలిచి ఊరడించిన ఊళ్లలో 42 మంది. బందూకుల భయం రెండు రకాల ఊళ్లకూ ఉంది. అయినా మొగుడి దెబ్బలు తినే మనిషికి ముందు కావాల్సింది తలదాచుకునే చోటే. భయపడాల్సిన చోట భయం పోగొట్టడం వైద్యం కాదు.

మన రాష్ట్రాలకు వచ్చేసరికి రుజువుల కొరత కంటే చేతుల కొరత ఎక్కువ. 2015-16లో నిమ్హాన్స్ నడిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే పన్నెండు రాష్ట్రాల్లో జరిగింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. ఆ సర్వే ప్రకారం మానసిక జబ్బులున్నవాళ్లలో వైద్యం అందనివాళ్లు జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మంది. దేశంలో లక్ష మందికి ఒక సైకియాట్రిస్టు కూడా లేడు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వైద్యాన్ని హక్కు చేసింది, 2022 అక్టోబరులో టెలీమానస్ 14416 నంబరు మొదలైంది. ఆ నంబరు తెలుగులోనూ పలుకుతుంది, ఆపద వేళ అది ప్రాణం నిలబెట్టగలదు. కానీ ఒక ఫోను, మళ్లీ ఇంకెవరితోనో ఇంకో ఫోను... దీన్ని ఆరు విడతల థెరపీ అనుకుంటే పొరపాటు. ఒకే మనిషి వారం వారం కలిసి, పోయిన వారం పట్టికలో ఏది చేశారు, ఏది చేయలేకపోయారు, అక్కడ ఏం అడ్డొచ్చింది అని అడిగితేనే గోవా ఫలితం వచ్చింది. పశ్చిమ గోదావరి పల్లెల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఆశా కార్యకర్తల చేత ట్యాబ్ మీద ప్రశ్నలడిగించి, కుంగుబాటు ఉన్నవాళ్లను ఆరోగ్య కేంద్రం డాక్టరు దాకా చేర్చి, మళ్లీ వెళ్లి కనుక్కునేలా నడిపిన ప్రయోగం సగం దారి వేసింది. హర్యానా పల్లెలతో కలిపి జరిగిన దాని పెద్ద దశ ఫలితాలు 2024లో వచ్చాయి: ఏడాది తర్వాత కోలుకున్నవాళ్లు ఈ పద్ధతి నడిపిన గుంపులో నూటికి 75 మంది, రెండో గుంపులో 51 మంది. అందులో ఉన్నది గుర్తించడం, చేర్చడం, వెంటపడి కనుక్కోవడం. విడతల వారీ థెరపీ అందులో లేదు.

ఆ రెండో సగానికి కావాల్సినవాళ్లను కొన్ని వారాల్లో తయారు చేయవచ్చని గోవా చూపించింది. తయారైనవాళ్లు దారి తప్పకుండా ఉండటానికి ఏం కావాలో కూడా చూపించింది, దాని గురించి మాత్రం మనం తక్కువ మాట్లాడుకుంటాం. అక్కడ కౌన్సెలర్లు తమ విడతలను రికార్డు చేశారు, ఒకచోట కూర్చుని ఒకరి రికార్డింగు ఒకరు విని మార్కులు వేసుకున్నారు, పైన నిపుణులు ఆ మార్కులను సరిచూశారు. అలా వినేవాళ్లు లేకపోతే పల్లెలో కౌన్సెలర్ రెండు నెలల్లో ఓదార్పులోకి, సలహాల్లోకి, 'మనసు గట్టి చేసుకోమ్మా'లోకి జారిపోతాడు. ఇప్పుడు మన ఊళ్లలో కౌన్సెలింగ్ పేరుతో దొరికేది ఎక్కువగా అదే. జిల్లాకు నలుగురైదుగురు వినేవాళ్లు చాలు, వాళ్లు పెద్ద డాక్టర్లే కానక్కర్లేదు. కానీ ఆ ఉద్యోగానికి ఇంకా పేరు లేదు, పోస్టు లేదు, జీతం లేదు.